సొమ్మొకడిది, సోకొకడిది: అద్దాల మేడల వాదానికి ఖండన

హైదరాబాదు పడమటి దిక్కున మాదాపూరు, గచ్చిబౌలి, కోకాపేటల్లో లేచిన అద్దాల మేడలను చూపి, తెలుగువారి నగరం న్యూయార్కుకో డల్లాసుకో సాటి వచ్చిందని మురిసిపోవడం పాతికేళ్లుగా రాజకీయ వేదికలకూ, పత్రికల స్థిరాస్తి పేజీలకూ, సినీప్రముఖుల ప్రసంగాలకూ, పెళ్లిపందిళ్లలో సాగే కబుర్లకూ సమానమైన అలవాటుగా మారింది. 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజపేయి ప్రారంభించిన సైబర్ టవర్స్ ఈ మురిపానికి తొలి గుర్తు కాగా, 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షల రూపాయలు పలకడం దానికి ధర చీటీ అయింది. ఈ భవనాలు నగర పరిసరాలను వికారం చేస్తున్నాయని ఎవరైనా అంటే, ఆ మాటను గతంపై మమకారంగానో, పనిలేనివారి సౌందర్యచర్చగానో, అభివృద్ధికి అడ్డుపుల్లగానో కొట్టిపారేయడం కూడా అదే అలవాటులో భాగం.

ఆ వాదాన్ని దాని బలమైన రూపంలోనే పరిశీలించడం న్యాయం. అందం చూసేవారి అభిరుచిని బట్టి ఉంటుంది కనుక వికారమన్న ఆరోపణకు ప్రమాణం లేదని. అద్దం వెలుతురును లోనికి రానిచ్చే ఆధునిక పదార్థమని. బహుళజాతి సంస్థలు, వాటితో వచ్చే లక్షల ఉద్యోగాలు ఇటువంటి భవనాలనే కోరుకుంటాయని. కోటి దాటిన జనానికి చోటు దొరకాలంటే ఆకాశంవైపు పెరగక తప్పదని. ప్రతి యుగంలోనూ కొత్త కట్టడాన్ని మొదట తిట్టి తరవాత మెచ్చుకున్నారని. చివరికి, స్థలం ఎవరిదో కట్టుకునే హక్కూ వారిదేనని ఆ వాదం ఆరు మెట్లుగా సాగుతుంది. ఇందులో కొంత సత్యం లేకపోలేదు. పల్లె వదిలి వచ్చిన లక్షలాది కుటుంబాలకు ఈ మేడల్లోని కొలువులే జీతమిచ్చాయి. పాత నగరపు దేవిడీలు, అంటే ప్రభువర్గాల భవంతులు, సామాన్యుడి కోసం కట్టినవి కావు. అయినా ఆ ఆరు మెట్లలో ఏ ఒక్కటీ బరువు మోయగలిగినది కాదు. ఎందుకంటే ఆరింటి కిందా ఒకే తప్పు లెక్క ఉన్నది. భవనం లోపలివారికి కలిగే సుఖాన్ని ఆ వాదం జమలో రాసుకుంటుంది, ఆ సుఖం కోసం బయటివారు చెల్లిస్తున్న మూల్యాన్ని ఖర్చులో రాయడం మాత్రం మరిచిపోతుంది.

1. ‘అందం అభిరుచిని బట్టి ఉంటుంది’

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్న సామెత భోజనానికి వర్తించినట్లు భవనానికి వర్తించదు. నచ్చని పాటను వినకుండా ఉండవచ్చు, నచ్చని పుస్తకాన్ని మూసివేయవచ్చు, నచ్చని చీరను కొనకుండా తిరిగి రావచ్చు. కానీ రోజూ బస్సు కోసం నిలబడే చోట ఎదురుగా లేచిన ముప్ఫై అంతస్తుల అద్దపు గోడను చూడకుండా, దాని మీద పడి తిరిగి కొట్టే ఎండను భరించకుండా ఉండే స్వేచ్ఛ ఆ ప్రయాణికుడికి లేదు. చూసేవాడి అనుమతితో నిమిత్తం లేకుండా తరాల తరబడి ఎదురుగా నిలబడే కళ వాస్తుకళ కనుకనే, రెండువేల ఏళ్ల కిందటి రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ దృఢత్వం, ఉపయోగం, సౌందర్యం అనే మూడింటినీ కట్టడానికి విధించిన సమాన ధర్మాలుగా లెక్కించాడు.

అందానికి ప్రమాణమే లేదన్న మాటను ఆ మాట పలికే వర్గం కూడా నమ్మడం లేదనడానికి అపార్టుమెంట్ల ధరల పట్టికే సాక్ష్యం. చెరువు కనబడే ఫ్లాటుకు ‘లేక్ వ్యూ’ పేరిట ఒక అదనపు ధర, అంతస్తు పెరిగేకొద్దీ ‘ఫ్లోర్ రైజ్’ పేరిట మరొక అదనపు ధర వసూలు చేసే వ్యాపారికి కంటికి ఇంపైన దృశ్యం చదరపుటడుగుకు ఎంత విలువ చేస్తుందో రూపాయల్లో తెలుసు. ఆ దృశ్యం అమ్మేటప్పుడు సొత్తు అయినప్పుడు, వెనుక వీధిలోని వంద ఇళ్లకు అదే దృశ్యాన్ని మూసివేసినప్పుడు అది నష్టం కాకుండా ఎలా పోతుంది? అమ్మకంలో వస్తువుగా ఉన్న అందం, ఫిర్యాదులోకి వచ్చేసరికి అభిరుచిగా మారిపోవడం తర్కం కాదు, తక్కెడలో మోసం.

కాబట్టి వికారమన్న మాటను రంగు, ఆకారాలకే పరిమితం చేయకుండా, ఒక భవనం తన లోపలికి ఎన్నడూ అడుగుపెట్టని మనిషికి ఏమి ఇస్తున్నది, అతడి నుంచి ఏమి లాక్కుంటున్నది అన్న ప్రశ్నగా మార్చి అడగాలి. లండన్‌లోని 20 ఫెంచర్చ్ స్ట్రీట్ భవనం ఈ ప్రశ్నకు బాహాటమైన జవాబు చెప్పింది. లోపలికి వంగిన దాని అద్దపు ముఖం 2013లో భూతద్దంలా ఎండను ఒకచోటికి చేర్చి, కింది వీధిలో ఆపిన కారు భాగాలను కరిగించింది. మరుసటి ఏడాది ఆ ముఖానికి నీడ పలకలు బిగించవలసి వచ్చింది. 2015లో అక్కడి వాస్తు పత్రిక అప్పట్లో ఏటా అతి చెడ్డ కొత్త భవనానికి ఇచ్చే కార్‌బంకుల్ కప్ దానికే దక్కింది. ఆ భవనంలో వికారమూ అపకారమూ వేరువేరు దోషాలు కావు. పక్కవాడిని లెక్కచేయకపోవడమనే ఒకే దోషం రెండు రూపాల్లో బయటపడింది.

2. ‘అద్దం ఆధునికం, వెలుతురుకు దారి’

అద్దం గుండా సూర్యకిరణాలు సులువుగా లోనికి వస్తాయి. లోపలి నేల, బల్లలు, గోడలు వాటితో వేడెక్కి తిరిగి వెలువరించే పరారుణ తాపం మాత్రం అదే అద్దం గుండా అంత సులువుగా బయటికి పోదు. చలిదేశాల్లో మొక్కలు పెంచే గాజుగది పనిచేసేది ఈ సూత్రం మీదనే. 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీది న్యూయార్కులోనూ, 51 డిగ్రీల మీది లండన్‌లోనూ శీతకాలంలో ఆ తాపం వరమైతే కావచ్చు. 17 డిగ్రీల మీద ఉండి, ఏటా రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చే, వైశాఖంలో 40 డిగ్రీల వేడి మామూలయిన హైదరాబాదులో అది కొని తెచ్చుకున్న శిక్ష. ఆ శిక్షను తప్పించుకోవడానికి ఏసీ యంత్రాలు కావాలి. ఏసీ చల్లదనాన్ని పుట్టించదు, లోపలి వేడిని తోడి బయట పారబోస్తుంది. మూడు పాళ్ల వేడిని తోడడానికి ఒక పాలు కరెంటు వాడుకునే యంత్రం వీధిలోకి వదిలేది నాలుగు పాళ్ల వేడి. లోపల చొక్కా మీద స్వెటర్ వేసుకుని కూర్చున్న ఉద్యోగి సుఖానికీ, బయట గేటు దగ్గర గొడుగు కింద నిలబడిన సెక్యూరిటీ గార్డు చెమటకూ మధ్య ఉన్న సంబంధం ఇదే.

ఇక వెలుతురు మాట. మధ్యాహ్నం రెండు దాటి ఎండ ఏటవాలుగా పడమటి అద్దాల మీదికి రాగానే కంప్యూటరు తెరల మీద అక్షరాలు కనబడక, లోపలివారు బ్లైండ్లన్నీ దించి, పట్టపగలే దీపాలు వేసుకుంటారు. సూర్యుడు కిందికి దిగినప్పుడు పైనున్న సజ్జా, అంటే కిటికీ మీది అడ్డ నీడపలక, పనిచేయదు కనుక పడమటి గోడకు అద్దం వీలయినంత తక్కువ ఉండాలన్నది ప్రతి మేస్త్రీకీ తెలిసిన విషయం. వెలుతురు పేరిట అద్దం పెట్టి, ఆ అద్దానికి తెర వేసి, ఆ తెర వెనుక దీపం పెట్టుకునే కట్టడాన్ని ఆధునికమని పిలవడానికి ధైర్యం కావాలి. వాణిజ్య భవనాల కోసం కేంద్రం రూపొందించిన విద్యుత్ పొదుపు భవన నియమావళి 2017 ప్రతి తన నిర్దేశిత పద్ధతిలో గోడ వైశాల్యంలో కిటికీల వాటా 40 శాతం మించరాదని చెప్పింది; మొత్తం భవనపు వినియోగాన్ని కంప్యూటరు నమూనాతో లెక్కగట్టి చూపే మరొక దారిని కూడా అదే నియమావళి తెరిచి ఉంచింది కనుక, నిలువెల్లా అద్దం తొడిగిన మేడ కాగితం మీద పొదుపరిగా నిరూపించుకునే వెసులుబాటు మిగిలింది.

చిన్న పట్టణాలకు ఈ మోజు మరింత చవకబారు రూపంలో చేరింది. గుంటూరు, కర్నూలు, కరీంనగరం వంటి ఊళ్లలో కార్పొరేట్ ఆసుపత్రి, కోచింగ్ కళాశాల, బట్టల దుకాణం అనే మూడు రకాల భవనాలు వీధి ముఖాన్ని మార్చివేశాయి. మామూలు సిమెంటు, ఇటుకల గోడ మీద ఇనుప చట్రం బిగించి, దానికి నీలం అద్దాలో, వెండిరంగు ఏసీపీ షీట్లో తొడిగి, దాన్ని ‘ఎలివేషన్’ అని పిలుస్తారు. భవనపు ముఖభాగపు నమూనాకు ఇంజనీర్లు వాడే ఆ మాట ఇప్పుడు ముఖానికి వేసిన ముసుగు అన్న అర్థంలో స్థిరపడింది. ముసుగు వెనుక అసలు కిటికీలు మూసుకుపోయి ఉంటాయి, గాలి ఆడదు, ముసుగుకూ గోడకూ మధ్య సందులో పావురాలు కాపురం పెడతాయి. ఏసీపీ అంటే రెండు పలచని అల్యూమినియం రేకుల మధ్య మరొక పదార్థం నింపిన పలక. ఆ నింపింది పాలిథిలీన్ అయితే అది మండుతుంది. 2017 జూన్ 14న లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌లో చెలరేగి 72 మందిని బలిగొన్న మంటలు ఆ భవనపు పైతొడుగు పట్టుకునే పైకి పాకాయి. పైన పటారం, లోన లొటారం అన్న సామెతకు ఇంతకంటే భయంకరమైన వ్యాఖ్యానం ఉండదు.

3. ‘ఉద్యోగాలు కావాలంటే ఈ మేడలే కావాలి’

ఈ వాదంలో రెండు వేర్వేరు విషయాలు ఒకదాని వెంట ఒకటి వచ్చినంత మాత్రాన మొదటిదాన్ని రెండోదానికి కారణంగా చూపించారు. సాఫ్ట్‌వేర్ సంస్థలు హైదరాబాదుకు ఇంజనీరింగ్ చదివిన యువత, భూమి, విద్యుత్తు, రాయితీలు, విమానాశ్రయం చూసి వచ్చాయి. అద్దం చూసి రాలేదు. వారు అద్దెకు తీసుకునేది చదరపుటడుగులను, వాటిలో పనిచేసే చల్లదనాన్ని. ఆ చల్లదనం తక్కువ కరెంటుతో వస్తే వారికి లాభమే కానీ నష్టం లేదని ఆ రంగంలోని సంస్థే హైదరాబాదు శివారు పోచారంలో రుజువు చేసింది. అక్కడ ఇన్ఫోసిస్ 2011 ప్రాంతంలో కట్టిన భవనంలో కిటికీల వాటా తగ్గించి, వాటికి నీడ కల్పించి, భవనాన్ని రెండు సమాన భాగాలుగా విడదీసి, ఒక సగానికి మామూలు ఏసీని, రెండో సగానికి కాంక్రీటు పలకల్లోని గొట్టాల గుండా చల్లని నీటిని పారించే పద్ధతిని అమర్చారు. రెండో సగం దాదాపు మూడోవంతు తక్కువ విద్యుత్తుతో అదే సుఖాన్నిచ్చింది. సాఫ్ట్‌వేర్ కొలువుకూ అద్దపు గోడకూ పేగుబంధం ఏదీ లేదని ఇది చాటుతున్నది.

అంతకుముందే, హైటెక్ సిటీ పక్కనే కొత్తగూడలో వాస్తుశిల్పి కరణ్ గ్రోవర్ రూపకల్పన చేసిన సీఐఐ సోహ్రాబ్జీ గోద్రెజ్ హరిత వ్యాపార కేంద్రాన్ని 2004లో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. నడుమ ఆకాశానికి తెరుచుకున్న ముంగిలి, గాలిని వడగట్టే జాలీ గోడలు, కప్పు మీద పచ్చిక, గాలిని ముందే చల్లార్చే బురుజులు ఉన్న ఆ భవనం, పర్యావరణ హితమైన కట్టడాలకు అమెరికా సంస్థ ఇచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపును ఆ దేశం వెలుపల మొట్టమొదట అందుకున్నది. తెలుగు ఇళ్లలోని మండువా, అంటే నడిమింట ఎండా వానా పడే ఖాళీ చోటు, గోల్కొండ కట్టడాల్లోని జాలీ, రెండూ అందులో కొత్త రూపంలో కనబడతాయి. నమూనా కళ్ల ముందే ఉండగా, దానికి కూతవేటు దూరంలో వందలాది అద్దపు పెట్టెలు లేచాయంటే లోపించింది తెలివి కాదు. అద్దపు తొడుగు త్వరగా ముగుస్తుంది, బొమ్మలో మెరుస్తుంది, గోడ మందం తగ్గి అద్దెకిచ్చే వైశాల్యం పెరుగుతుంది; ఆ తరవాత ముప్ఫై ఏళ్ల కరెంటు బిల్లు కట్టేది మరొకరు. కట్టేవాడికీ, వాడుకునేవాడికీ, వీధిలో నడిచేవాడికీ మధ్య లాభనష్టాలు ఇలా విడిపోయిన చోట, ఉద్యోగాల పేరు చెప్పడం కవచం ధరించడమే.

4. ‘జనానికి చోటు కావాలంటే ఆకాశంవైపు పెరగాలి’

ఎత్తూ సాంద్రతా ఒకటే అన్న భ్రమ మీద ఈ మెట్టు నిలబడి ఉన్నది. ఏడంతస్తులకు అటూ ఇటూగా ఉండే భవనాలతోనే పారిస్ నగరం చదరపు కిలోమీటరుకు సుమారు 20,000 మందికి చోటిస్తున్నది. ఎత్తైన భవనానికి చుట్టూ ఎక్కువ ఖాళీ, అంటే సెట్‌బ్యాక్, వదలాలి. పార్కింగుకు సెల్లార్లు తవ్వాలి. అంతస్తులో గణనీయమైన భాగాన్ని లిఫ్టులకు, మెట్లకు ఇవ్వాలి. ఎత్తు పెరిగిన ప్రతిసారీ జనం ఒద్దికగా చేరతారనుకోవడం కుదరదు. ప్రహరీల మధ్య దూరాలు పెరిగి, పాలప్యాకెట్టు కోసం కూడా బండి తీయవలసిన నగరం తయారవడం ఎక్కువగా కనబడుతున్నది.

హైదరాబాదులో ఈ పరిణామానికి ఒక చట్టపరమైన మలుపు ఉన్నది. స్థలం వైశాల్యానికీ అన్ని అంతస్తుల మొత్తం వైశాల్యానికీ ఉండవలసిన నిష్పత్తిని ఎఫ్‌ఎస్‌ఐ అంటారు. దేశంలోని పెద్ద నగరాలు ఈ నిష్పత్తికి ఏదో ఒక హద్దు పెట్టుకోగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో జీవో 86 ద్వారా హైదరాబాదులో ఆ హద్దును తీసివేసి, రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాకుల మీదనే ఎత్తును ఆధారపరచింది. ఫలితంగా నీటి గొట్టం, మురుగు కాలువ, బస్సు మార్గం ఎంతమందిని మోయగలవన్న లెక్కతో ప్రమేయం లేకుండా భవనం ఎంతమందినైనా మోయవచ్చునన్న స్థితి ఏర్పడింది.

ఆ సెల్లార్లు తవ్వుతున్నది దేనిని అన్నది మరింత బాధాకరమైన ప్రశ్న. దక్కను పీఠభూమి మీద 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు, గాలికీ నీటికీ అరిగి, ఒకదాని మీద ఒకటి పేర్చినట్లు నిలిచిన బండరాళ్ల గుట్టలే హైదరాబాదుకు పుట్టుకతో వచ్చిన ముఖకవళిక. పాత గోల్కొండ కోట ఆ బండలను పగలగొట్టి చదును చేయలేదు. బండ ఉన్నచోట గోడను వంచి, బండనే గోడగా వాడుకున్నది. ఇప్పటి పద్ధతిలో మొదట డైనమైటు, తరవాత చదును, తరవాత అద్దాల మేడ, చివరికి దాని ముంగిట అలంకారానికి లారీలో తెచ్చి నిలబెట్టిన నాలుగు రాళ్లు. ఏ నగరంలోనైనా నిలబెట్టగల భవనం కోసం మరే నగరంలోనూ దొరకని కొండను బద్దలు కొట్టడం కంటే చెడ్డ బేరం మరొకటి ఉండదు.

5. ‘ఐఫెల్ టవర్‌నూ మొదట తిట్టారు’

పారిస్ కళాకారులు, రచయిత మొపాసా, ఒపెరా భవనపు శిల్పి గార్నియే వంటివారితో సహా, 1887లో ఐఫెల్ టవర్ నిర్మాణాన్ని నిరసిస్తూ బహిరంగ ప్రకటన చేసిన మాట నిజమే. ఆ టవర్ తరవాత ఆ నగరానికి గుర్తుగా మారిన మాట కూడా నిజమే. అయితే తిట్లు తిన్న కట్టడం ఒకటి ప్రశంసలు పొందింది కనుక తిట్లు తిన్న ప్రతి కట్టడమూ ప్రశంసలు పొందుతుందనడం, పరీక్ష తప్పిన ఒక కుర్రాడు మంత్రి అయ్యాడు కనుక పరీక్ష తప్పినవారందరూ మంత్రులవుతారనడం వంటిది. పైగా ఐఫెల్ టవర్ అనుకరణ కాదు. గాలి తాకిడికి ఎదురునిలిచే లెక్క నుంచే దాని వంపు పుట్టింది, దాని ఇనుము ఇనుముగానే కనబడుతుంది. దుబాయిలో ఒకటి, షాంఘైలో ఒకటి, కోకాపేటలో ఒకటిగా అచ్చు గుద్దినట్లు లేచే అద్దపు డబ్బాలకు ఆ వంశవృక్షంలో చోటు లేదు.

అదే నగరంలోని మరొక ఉదాహరణను ఈ వాదులు ఎన్నడూ ప్రస్తావించరు. 1973లో పూర్తయిన 210 మీటర్ల మోంపర్నాస్ టవర్ పారిస్ ఆకాశరేఖను చెడగొట్టిందన్న ఆగ్రహం ఎంతగా రగిలిందంటే, 1977లో ఆ నగరం భవనాల ఎత్తుకు 37 మీటర్ల గరిష్ఠ హద్దు విధించింది. 2010 తరవాత ఆ హద్దును కొంత సడలించి, మరికొన్ని ఎత్తైన కట్టడాలను చూసిన మీదట 2023లో మళ్లీ అదే హద్దుకు తిరిగి వచ్చింది. యాభై ఏళ్లు గడిచినా పారిస్ కళ్లకు ఆ టవర్ అలవాటు కాలేదు. ఒకవేళ అయినా, అలవాటు ఆమోదం కాదు. మూసీ కంపుకూ, ఫ్లెక్సీల తోరణాలకూ, ఫుట్‌పాత్ లేని రోడ్లకూ ప్రజలు అలవాటుపడ్డారు. అంతమాత్రాన అవి సుందరమూ సముచితమూ కాలేదు.

6. ‘స్థలం ఎవరిదో ఇష్టం వారిదే’

సొంత స్థలంలోనైనా పొరుగువాడి కిటికీకి ఆనించి గోడ లేపకూడదని, అగ్నిమాపక వాహనం తిరిగే చోటు వదలాలని, వాననీరు ఇంకే గుంట తవ్వాలని చట్టం ఇప్పటికే ఆదేశిస్తున్నది. అంటే యాజమాన్యపు హక్కు ప్రహరీ దగ్గర ఆగుతుందన్న సూత్రం అంగీకృతమే. వేడి, మెరుపు, నీడ, దృశ్యం ప్రహరీ దాటుతాయన్న భౌతిక సత్యాన్ని మాత్రమే దానికి చేర్చవలసి ఉన్నది. వ్యక్తి ఆస్తిహక్కుకు పెట్టింది పేరయిన అమెరికాలోనే, 1954లో బెర్మన్ వర్సెస్ పార్కర్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ప్రజాసంక్షేమమన్న భావనలో సౌందర్యం కూడా చేరుతుందని స్పష్టం చేసింది. దిల్లీలో 1973 నాటి చట్టంతో ఏర్పడిన అర్బన్ ఆర్ట్ కమిషన్ ముఖ్యమైన భవనాల రూపాన్ని పరిశీలించి సలహా ఇస్తున్నది. కనుక ప్రభుత్వానికి ఇందులో పనేమిటన్న ప్రశ్నకు జవాబు ఎప్పుడో దొరికింది.

తెలుగు రాష్ట్రాల అనుభవంలో కొరవడింది అధికారం కాదు, సంకల్పం. హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ అయిన హుడా జోనింగ్ నిబంధనల్లోని 13వ నిబంధన కింద వారసత్వ కట్టడాలతో పాటు తొమ్మిది శిలాసమూహాలకు కూడా రక్షణ ఉండేది. 2015 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఆ నిబంధనను తొలగించింది. 2017లో వారసత్వ చట్టం వచ్చినా, 2019లో కొత్త శాసనసభ కోసం ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను కూల్చే నిర్ణయం జరిగింది; దాన్ని హైకోర్టు కొట్టివేయడం వల్లనే ఆ భవనం నిలిచింది. మరోవైపు, అనుమతి ఒకటి, కట్టింది మరొకటి అయిన భవనాలను అపరాధ రుసుముతో క్రమబద్ధం చేసే పథకాలు 2007 చివర ఉమ్మడి రాష్ట్రంలో బీపీఎస్ పేరిట, 2015లో తెలంగాణలో బీఆర్‌ఎస్ పేరిట వచ్చాయి. నిబంధన పాటించినవాడు స్థలం నష్టపోయి, ఉల్లంఘించినవాడు రుసుము కట్టి అంతస్తు మిగుల్చుకున్న చోట, వికారానికి ప్రభుత్వమే ధర నిర్ణయించి రసీదు ఇచ్చినట్లయింది.

7. ఖండించవలసింది ఆధునికతను కాదు

ఇంతవరకు చెప్పినదాన్ని పాతదే మేలన్న వాదంగా వక్రీకరించే అవకాశం ఉన్నది కనుక ఒక సంగతి స్పష్టం చేయాలి. పుదుచ్చేరిలోని అరవిందాశ్రమంలో 1930ల చివర మొదలైన ‘గోల్కొండ్’ వసతిగృహం మన దేశంలోని తొలి ఆధునిక కాంక్రీటు భవనాల్లో ఒకటి. హైదరాబాదు దివాను అక్బర్ హైదరీ ద్వారా నిజాం ప్రభుత్వపు విరాళం అందినందువల్లనే దానికి ఆ పేరు వచ్చింది. వాస్తుశిల్పులు ఆంటొనిన్ రేమండ్, జార్జ్ నకషిమా ఆ భవనపు ఉత్తర, దక్షిణ ముఖాలను గోడలతో మూయకుండా, చేత్తో తిప్పితే తెరుచుకునే అడ్డపలకలతో నింపారు. గాలి కావాలంటే పలక పడుకుంటుంది, వాన వస్తే నిలబడుతుంది. కప్పు మీద కాంక్రీటు పెంకుల వరస మరొకటి ఉండి, రెండింటి నడుమ గాలి ఆడుతుంది. అందులో అలంకారమన్నది లేదు, అయినా అది సుందరం. కారణం, దానిలోని ప్రతి అంగం అక్కడి ఎండకూ గాలికీ ఇచ్చిన జవాబు. హైదరాబాదులోనే 1960లలో చార్లెస్ కొరియా కట్టిన ఈసీఐఎల్ కార్యాలయం అదే కోవకు చెందినది. మరోవైపు, కాంక్రీటు చట్రం మీద గుమ్మటాలు, కమానులు అతికించి దాన్ని సంప్రదాయమని ప్రకటించడం కూడా ఎలివేషన్ మోజులో మరొక రకమే. అద్దపు ముసుగుకు బదులు గతపు ముసుగు తొడిగినంత మాత్రాన లోపలి లెక్క మారదు.

కాబట్టి నగరాలు కోరవలసిన నియమాలు అభిరుచికి సంబంధించినవి కావు, కొలవగలిగినవి. ఏ దారిలో అనుమతి కోరినా పడమటి, తూర్పు ముఖాల్లో అద్దానికి గట్టి హద్దు ఉండాలి. భవనం వీధిలోకి తిరిగి పంపే ఎండ, వేడి ఎంతో అనుమతికి ముందే లెక్క చూపాలి. ప్రధాన వీధిలో నేల అంతస్తు ప్రహరీ వెనుక దాక్కోకుండా పాదచారికి నీడనివ్వాలి. మండే ఏసీపీ షీట్లను పూర్తిగా నిషేధించాలి. శిలాసమూహాలకు పోయిన రక్షణను తిరిగి కల్పించాలి. ఉల్లంఘనను రుసుముతో కడిగే పథకాలకు శాశ్వతంగా స్వస్తి చెప్పాలి. వీటిలో ఏ ఒక్కటీ ఉద్యోగాన్ని ఆపదు, ఇంటి కలను చెరపదు.

1908 మూసీ వరద మిగిల్చిన శిథిలాల తరవాత నగరాభివృద్ధి మండలి చార్మినార్ నుంచి మూసీ వైపు సాగే దారికి ఇరువైపులా పత్తర్‌గట్టి అంగళ్లను గ్రానైటు రాతితో కట్టించింది. అది ఆ రోజుల్లో సరికొత్త వాణిజ్య సముదాయం. కింద దుకాణాలు, పైన నివాసాలు, ముందు వరుసగా రాతి కమానుల కింద నడవా. వ్యాపారమూ సాంద్రతా కొత్తదనమూ మూడూ కలిసిన ఆ కట్టడం, ఇప్పటి మేడలను సమర్థించడానికి చూపే సాకులన్నిటినీ శతాబ్దం కిందటే కొట్టివేసింది. ఆ నడవాలో ముత్యాలు కొనేవాడికీ, ఏమీ కొనకుండా మండుటెండలో ఆ దారిన పోయేవాడికీ ఒకే నీడ దొరుకుతుంది. తన గేటు లోపలికి రానివాడికి ఎండ దెబ్బ తప్ప మరేమీ ఇవ్వని మేడ ఎన్ని అంతస్తులు లేచినా, ఎకరం ఎన్ని కోట్లు పలికినా, సొమ్మొకడిది, సోకొకడిది అన్న మాటకు ఉదాహరణగా మిగులుతుందే తప్ప నగరానికి ఆస్తి కాదు.